ఆరు డిగ్రీల వాలు

బానెట్ కింద ఇంజన్ తిన్నగా, మట్టంగా కూర్చుని ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. వెనక చక్రాలతో నడిచే పాత జీపునో వ్యానునో పక్కనుంచి చూడండి. ఫ్యాన్ ఉన్న ముందు వైపు కాస్త ఎత్తుగా, గేర్ బాక్సు ఉన్న వెనక వైపు కాస్త పల్లంగా ఉంటుంది. మూడు నాలుగు డిగ్రీల వాలు. బిగించేవాడి చెయ్యి జారి వచ్చింది కాదది, లెక్కేసి పెట్టింది. ఆ వాలు గురించి మా అక్క వాళ్ల ఇంట్లో ఆరు నెలలు రభస జరిగింది. బండి సంగతితో మొదలై, పిల్లాడు ఏ పని చేసుకుని బతకాలన్న దాకా పోయింది.

మాది కావలి. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మా బావకి తీరం వైపు రొయ్యల గుంతలున్నాయి. వాళ్ల నాన్న వాడిన మహీంద్రా జీపు ఒకటి షెడ్డు వెనకాల రేకుల కింద పడి ఉండేది. పెట్రోలు ఇంజన్ బ్లాకు పగిలిపోయి ఎన్నో ఏళ్లయింది. బావ దాన్ని పాత ఇనుము కింద కిలోల లెక్కన అమ్మేద్దామన్నాడు. మా మేనల్లుడు అడ్డుపడ్డాడు. వాడు మెకానికల్‌లో బీటెక్ చేసి, హైదరాబాద్‌లో రెండేళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని, నచ్చక వచ్చేశాడు. "తాత బండి నేను నిలబెడతా. అది నడిస్తే ఇక్కడే షెడ్డు పెట్టుకుంటా" అన్నాడు.

"బీటెక్ చదివించింది గ్రీజు పూసుకునేదానికా?" అన్నాడు బావ.

ఆరోజు నుంచి తండ్రీ కొడుకుల మధ్య మాటల్లేవు. ఏం చెప్పుకోవాలన్నా నా ద్వారానే.

నిజానికి మన దేశంలో జీపు పుట్టిందే ఇట్లా విడిభాగాలు బిగించుకోవడంతో. 1940ల చివర్లో మహీంద్రా వాళ్లు అమెరికా విల్లీస్ కంపెనీ నుంచి తెప్పించిన మొదటి 75 జీపులు పూర్తిగా విప్పేసిన భాగాలుగా ఓడలో వచ్చాయి. వాటిని బొంబాయిలో బిగించారు. ఇంగ్లండులో అయితే ఇదొక ఇష్టమైన వ్యాపకం. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అనే చిన్న కారుని డబ్బాల్లో భాగాలుగా అమ్మేవాళ్లు. తయారైన కారుకి పన్ను ఉండేది, విడిభాగాలకి ఉండేది కాదు. జనం ఇంటి గ్యారేజీలో కూర్చుని బిగించుకునేవాళ్లు. 1973లో కొత్త పన్ను విధానం వచ్చి ఆ వెసులుబాటు పోయింది గానీ ఆ సరదా పోలేదు. ఇప్పటికీ అక్కడ 'కిట్ కార్లు' అని ప్రత్యేకంగా ఉన్నాయి.

మావాడి దగ్గర అట్లాంటి డబ్బా ఏమీ లేదు. తాత చాసిస్సు, ఇంకెక్కడి నుంచో తెచ్చిన డీజిల్ ఇంజను, గేర్ బాక్సు. అంతే. ఆ ఇంజన్ని ముందు ఊళ్లో ఒక షెడ్డులో ఎక్కించారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. రసమట్టం పెడితే బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. ఇంజన్ సున్నా డిగ్రీలు. "గోడ కట్టినట్టు పెట్టాం సార్" అని చెప్పారు.

గుంతల గట్టు మీద తీసుకెళ్తే ఇరవై దాకా బాగానే నడిచింది. ముప్పై దాటగానే కాళ్ల కింద రేకు గుయ్యిమంది. నలభై దగ్గరికి వచ్చేసరికి గేర్ రాడ్డు వణికి, స్టీరింగు వణికి, పక్కన కూర్చున్న నా పళ్లు కూడా వణికాయి. బావ దూరంగా నిలబడి చూసి ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక మా అక్కతో, "పాత సామాన్లవాణ్ణి రేపు రమ్మన్నా" అన్నాడంట.

చక్రాల బ్యాలెన్సు చూశారు. ఫౌండేషన్ రబ్బర్లు మార్చారు. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి లేతు మీద తిప్పి చూశారు, వంకర లేదు. వణుకు మాత్రం పోలేదు. అప్పుడు మావాడు ఒక పెద్ద మేస్త్రీని వెతుక్కుంటూ పోయాడు. అందరూ భాయ్ అంటారు. లారీల కింద పడుకునే నలభై ఏళ్లు గడిపిన మనిషి. ఆయన వచ్చి బండి స్టార్ట్ కూడా చెయ్యలేదు. కింద గోనెపట్టా పరుచుకుని పడుకుని ఒకసారి అటు, ఒకసారి ఇటు చూశాడు.

"ఇంజన్ తిన్నగా పెట్టినారే, అదేం అబ్బయ్యా?" అన్నాడు.

"తిన్నగా ఉండకూడదా మేస్త్రీ?"

"వెనక హౌసింగు ఎట్టా చూస్తా ఉంది? అది తల పైకెత్తి చూస్తా ఉంటే నువ్వు దీన్ని నేలకి సమంగా పెడితే, ఆ రెండింటికీ యాడ కుదురుతుంది?"

మొత్తం సంగతి ఆ రెండు ముక్కల్లో ఉంది. నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. ఎట్లా అర్థమైందో మీకూ చెప్తాను.

గేర్ బాక్సు ఎత్తులో ఉంటుంది. వెనక డిఫరెన్షియల్, అంటే ఆ గుండ్రటి హౌసింగు, పల్లంలో ఉంటుంది. పైగా కమాన్ కట్టల మీద పైకీ కిందకీ ఊగుతూ ఉంటుంది. రెంటినీ కలిపేది ప్రొపెల్లర్ షాఫ్టు. అది వాలుగా తిరగాలి కాబట్టి రెండు చివరలా క్రాసులు పెడతారు. యూనివర్సల్ జాయింట్ అంటే అదే. పదిహేడో శతాబ్దంలో రాబర్ట్ హుక్ దీని గురించి రాశాడు. స్ప్రింగు సూత్రం చెప్పిన హుక్కే. ఆయన కంటే ముందు ఇటలీలో కార్డానో అని ఒకాయన పేరు కూడా దీనికి అంటుకుంది. కార్డన్ షాఫ్టు అన్న మాట అట్లా వచ్చిందే.

ఈ క్రాసుకి ఒక గుణం ఉంది. ఇటునుంచి మీరు ఒకే వేగంతో తిప్పినా, వంపు ఉన్నప్పుడు అటు చివర ఒకే వేగంతో తిరగదు. ఒక చుట్టులో రెండుసార్లు కాస్త జోరందుకుని, రెండుసార్లు కాస్త నెమ్మదిస్తుంది. వంపు ఎంత పెరిగితే ఈ తేడా అంత పెరుగుతుంది. మూడు డిగ్రీల దగ్గర నూటికి 0.14 వంతు, అంటే లేనట్టే. పన్నెండు డిగ్రీల దగ్గర అది అటూ ఇటూ నూటికి రెండు దాటుతుంది. రెండు శాతమేగా అనుకోకండి. మా బండి క్రౌన్ పళ్ల లెక్క, టైరు సైజు చూసి లెక్కేస్తే, యాభై కిలోమీటర్ల వేగంలో షాఫ్టు నిమిషానికి దాదాపు 2000 చుట్లు తిరుగుతుంది. చుట్టుకి రెండు కుదుపులు. అంటే సెకనుకి 66 కుదుపులు. కాళ్ల కింద రేకు మోగింది అందుకే.

మరి రోడ్డు మీద తిరిగే బళ్లన్నీ ఎందుకు వణకవు? రెండో క్రాసు వల్ల. మొదటి క్రాసు చేసిన తప్పుని రెండోది తిరగేసి చేస్తుంది. ఇది జోరందుకున్నచోట అది నెమ్మదిస్తుంది. చివరికి హౌసింగులోకి పోయే తిప్పుడు నున్నగా ఉంటుంది. కాకపోతే ఒక షరతు. రెండు క్రాసుల దగ్గరా వంపు సమానంగా ఉండాలి. అట్లా ఉండాలంటే ఇంజన్ ఎంత వాలుతో ఉందో, వెనక పినియన్ కూడా అంతే వాలుతో ఉండాలి. రెండూ ఒకే గీత మీద ఉండక్కర్లేదు. ఒకటి ఎత్తులో, ఒకటి పల్లంలో ఉండొచ్చు. సమాంతరంగా ఉంటే చాలు.

రైతులకి ఇది చెప్పక్కర్లేదు. ట్రాక్టరుకి రొటోవేటరు తగిలించి నడిపినవాళ్లకి తెలుసు. నేల మీద దున్నుతున్నంత సేపు షాఫ్టు మెత్తగా తిరుగుతుంది. మడి చివర మలుపులో రొటోవేటర్ని ఎత్తగానే వంపులు పెరిగి టకటకా కొట్టుకుంటుంది. అందుకే ఎత్తేముందు తిప్పుడు ఆపమని పెద్దవాళ్లు అరుస్తారు. జీపు కింద జరిగిందీ అదే, ఆపే వీల్లేకుండా జరిగింది.

మరుసటి రోజు కొలతలు మొదలుపెట్టారు. బండిని సిమెంటు నేల మీద నిలబెట్టి, నాలుగు టైర్లలో గాలి సరిచేసి, బరువంతా చక్రాల మీదే ఉంచారు. జాకీ మీద ఎత్తి కొలిస్తే కమాన్ కట్టలు వేలాడిపోయి లెక్క తప్పుతుంది. మావాడు ఫోన్లో కోణాలు చూపించే యాప్ తెరిచాడు. వెనక కెమెరా ఉబ్బు తగిలి లెక్క మారకుండా ఫోన్ని అంచు మీద నిలబెట్టి కొలిచాడు. భాయ్ తూకం గుండు కట్టిన దారం, మీటరు బద్ద, టేపు తెచ్చుకున్నాడు. ఆయన లెక్క ఏంటంటే, మీటరు బద్ద ఒక చివర పావు తక్కువ రెండు సెంటీమీటర్లు, అంటే 1.75 దిగితే ఒక డిగ్రీ. మూడున్నర దిగితే రెండు. ట్యాన్ టేబుల్ చూసుకున్నాను, చిన్న కోణాలకి తేడా లేదు. ఆయన ఏ టేబుల్ చూడలేదు. "మా ఉస్తాద్ చెప్పినాడు సార్" అన్నాడు.

"కింద నేలే వాలుగా ఉంటే?" అని అడిగాను.

"ఉండనీ సార్. మూడింటినీ ఒకే నేల మీద కొలస్తా ఉండాం కదా. మనకి కావల్సింది వాటి మధ్య తేడా."

ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నాకు ఆయన సాపేక్షత చెప్పాడు.

ఫోనూ, దారమూ అర డిగ్రీ లోపు తేడాతో ఒకే మాట చెప్పాయి. ఇంజన్ సున్నా. షాఫ్టు వెనక్కి పన్నెండు డిగ్రీల వాలు. పినియన్ అయిదు డిగ్రీలు. అంటే ముందు క్రాసు దగ్గర వంపు పన్నెండు, వెనక క్రాసు దగ్గర ఏడు. ఇది చేసే తప్పుని అది పూర్తిగా దిద్దలేకపోతోంది. మిగిలిపోయే కుదుపుని లెక్కేస్తే, పది డిగ్రీల వంపుతో ఒక్క క్రాసే ఉన్నట్టు. ఇంక వణక్క ఏం చేస్తుంది?

హౌసింగు కమాన్ కట్టలకి బిగించి ఉంది, దాన్ని కదిలించడం పెద్ద పని. కాబట్టి దాన్ని చూసి ఇంజన్ని మార్చాలి. భాయ్ అయిదు కాదు, ఆరు డిగ్రీలు పెట్టమన్నాడు. ఎందుకంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రాలు ముందుకి తిరగడానికి బలం పడుతుంది. ఆ బలానికి హౌసింగు ఎదురు తిరిగి, కమాన్ కట్టలు మెలిపడి, పినియన్ ముక్కు ఒక డిగ్రీ దాకా పైకి లేస్తుంది. నిలబడి ఉన్నప్పుడు ఒక డిగ్రీ తక్కువ ఉంటే, పరిగెత్తేటప్పుడు సరిపోతుంది. బండి నిలబడ్డప్పుడు ఎట్లా ఉందన్నది కాదు, పని చేసేటప్పుడు ఎట్లా ఉంటుందన్నది ముఖ్యం.

ఇంజన్ ముందు ఫౌండేషనుకీ, గేర్ బాక్సు కింద ఉన్నదానికీ మధ్య దూరం ఎనభై సెంటీమీటర్లు. ఆరు డిగ్రీలంటే దాదాపు ఎనిమిదిన్నర సెంటీమీటర్ల తేడా రావాలి. ముందు నాలుగున్నర లేపి, వెనక నాలుగు దించారు. ముందు లేపడానికి బానెట్ అడ్డం వస్తుందేమోనని భయపడ్డాం. రాలేదు. ఈ మోడల్ జీపు బానెట్ ఎత్తుగా ఉండటానికి ఒక కథ ఉంది. 1953లో విల్లీస్ వాళ్లు ఒక ఎత్తైన ఇంజన్ తెచ్చారు. అది పట్టడానికి బానెట్ ఎత్తు పెంచారు. చూడ్డానికి బాగాలేదని అప్పట్లో అక్కడ అన్నారు గానీ మన దగ్గర ఆ ముఖమే జీపు ముఖమైపోయింది. డెబ్బై ఏళ్ల కిందటి ఆ ఎత్తు మా మేనల్లుడికి అక్కరకొచ్చింది. ముందు లేపడం వల్ల కింద చాంబరుకీ యాక్సిలుకీ మధ్య ఖాళీ కూడా పెరిగింది.

వెనక దించడంతో షాఫ్టు వాలు పన్నెండు నుంచి తొమ్మిదికి తగ్గింది. ఇప్పుడు ముందు వంపు మూడు. వెనక నాలుగు, తొక్కితే మూడు. లెక్క కుదిరింది.

"షాఫ్టు కూడా అదే వాలులో పెట్టేస్తే వంపే ఉండదు కదా, ఇంకా మంచిది కదా?" అని మావాడు అడిగాడు. భాయ్ తల అడ్డంగా ఊపాడు. క్రాసు లోపల సూదుల్లాంటి రోలర్లుంటాయి. కాస్తయినా వంపు ఉంటేనే అవి కదులుతాయి, గ్రీజు తిరుగుతుంది. వంపు అసలు లేకపోతే కదలకుండా ఒకేచోట నొక్కుకుని గాట్లు పడతాయి. ఒకట్రెండు డిగ్రీలయినా ఉండాలి. ఏ మాత్రం తేడా లేకుండా కలిసిపోయినా చేటే.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాడు. షాఫ్టు మధ్యలో పళ్లున్న జారుడు ముక్క ఉంటుంది. గ్రీజు పెట్టడానికి విప్పి మళ్లీ దూర్చేటప్పుడు ఒక పన్ను అటూ ఇటూ అయితే రెండు చివరల చెవులు ఒకే వరసలో ఉండవు. అప్పుడు కోణాలన్నీ సరిగ్గా ఉన్నా బండి వణుకుతుంది. అందుకే విప్పేముందే రెండు ముక్కల మీదా తెల్ల రంగుతో గీత పెట్టుకోవాలి. మీ బండి గ్రీజు పెట్టించుకొచ్చాక కొత్తగా వణుకుతుంటే ముందు ఇదే చూడమనండి.

చివరిగా షాఫ్టు ముందు భాగం కింద చాసిస్సుకి అడ్డంగా ఒక ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించాడు. ముందు క్రాసు విరిగితే షాఫ్టు ముందు చివర నేలకి దిగుతుంది. వేగంలో ఉన్నప్పుడు అది రోడ్డులో గుచ్చుకుంటే బండిని వెనక నుంచి ఎత్తి పడేస్తుంది. పట్టీ ఉంటే దాని మీద ఆగుతుంది. ఆ పట్టీ సంగతి విన్నాకే నాకు అసలు భయం తెలిసింది. అన్నాళ్లూ ఆ వణికే షాఫ్టు మీదుగా కూర్చుని తిరిగింది మా అక్క కొడుకు.

ఇదంతా బావకి ఒక సాయంత్రం చెప్పాను. ఆయన ఎక్కువ చదువుకోలేదు గానీ గుంతల్లో ఏరియేటర్లు ఎన్నో విప్పి బిగించిన మనిషి, మోటారూ షాఫ్టూ కుదరకపోతే బేరింగు ఎన్నాళ్లు బతుకుతుందో ఆయనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. అంతా విని, "ఆ ముసలాయనకి అంత తెలిసి, షెడ్డులో వాళ్లకి తెలీకపోయెనే" అన్నాడు. కాసేపాగి, "మనోడికి తెలిసిందా ఇప్పుడు?" అని అడిగాడు. తెలిసిందన్నాను.

"అయితే కాయితాలు కావాలి" అన్నాడు.

ఆ మాట న్యాయమైనదే. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది. రిజిస్ట్రేషన్ కార్డులో ఉన్న వివరాలు కంపెనీ చెప్పినదానికి తేడాగా మారేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయం గట్టిగా చెప్పింది. ఇంజన్ మార్చడమంటే రంగు మార్చడం లాంటిది కాదు. అనుమతి రావాలి, కొత్త ఇంజన్ నంబరు రికార్డులోకి ఎక్కాలి. అప్పటిదాకా బండి హైవే ఎక్కితే, రేపేదైనా జరిగితే ఇన్సూరెన్సు కూడా పలకదు. మావాడికి ఆ బండి మీద నెల్లూరు పోవాలని ఉంది. యాభై కిలోమీటర్ల పైచిలుకు దారి, పక్కనే కంటైనర్లు దూసుకుపోయే రోడ్డు. "నంబరు ఎక్కేదాకా గట్టు దాటితే నా మీద ఒట్టే" అన్నాడు బావ. ఆరు నెలల తర్వాత కొడుకుతో నేరుగా ఆయన అన్న మొదటి మాట అది. వాడు సరే నాన్నా అన్నాడు.

ఇప్పుడు ఆ జీపు రోజూ మేత బస్తాలు మోస్తోంది. నలభైలో గేర్ రాడ్డు మీద చెయ్యి వేస్తే ఇంజన్ గుండె తప్ప ఇంకేమీ తగలదు. దరఖాస్తు ఆఫీసులో ఉంది. పక్క ఊరి నుంచి ఒకాయన వణికే జీపు తీసుకొస్తే, వాడు రసమట్టం పట్టుకుని దాని కిందికి దూరాడు. షెడ్డు పెట్టడానికి డబ్బు ఇస్తానని బావ ఇంకా అనలేదు. వద్దనీ అనలేదు. వాళ్లిద్దరూ ఒక గీత మీదికి వస్తారని నేను అనుకోవడం లేదు, ఆ అవసరమూ కనిపించడం లేదు.

మొన్న భోజనాల దగ్గర మాత్రం ఒక మాట వినిపించింది.

"ఆ పక్కూరి బండికి ఎన్ని డిగ్రీలు పెట్టావు?"

"నాలుగు నాన్నా. దానికి నాలుగు చాలు."

"ఊఁ" అని బావ మజ్జిగ అన్నం కలుపుకున్నాడు.